షుగరున్న కంటికి ఒక ఫోటో

"బియ్యంలో రాళ్ళేరుతున్నాను, సూదిలో దారం ఎక్కిస్తున్నాను, నా కళ్ళకేం వచ్చింది?" అంటుంది హన్మకొండలో మా పక్కింటి వదినగారు. పదేళ్ళుగా షుగరుందావిడకు. 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు'లో అద్దాలు కూడా తెచ్చుకున్నది. అద్దాలు చూపుకే గాని, కంటి వెనకనుండే రెటీనా అనే పొరకు కాదు కదండీ!

ఆ పొరలోని సన్నని రక్తనాళాలను షుగరు బలహీనపరుస్తుంది. అవి బుడగల్లా ఉబ్బుతాయి, రక్తం కారుతుంది, పచ్చని మచ్చలు పడతాయి. ఇంత జరుగుతున్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. తగ్గిందని తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. పోయిన చూపు తిరిగి రావడం కష్టం.

ఈ మచ్చలు ఫోటోలో పడతాయి. ఆ ఫోటోను ఇప్పుడు కంప్యూటరు కూడా చదువుతున్నది. ఎలాగంటారా? మన కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పెరిగిన పిల్లకు తప్పు పోగు ఏదో ఎవరూ పాఠం చెప్పరు. చూసి చూసి కన్ను అలవాటుపడుతుంది. దీనికీ అంతే. 2016లో అచ్చయిన గూగుల్ వారి పరిశోధనలో, కంటి డాక్టర్లు జబ్బు ఎంతుందో గుర్తుపెట్టిన 1,28,000కు పైగా ఫోటోలను కంప్యూటరుకు చూపించారు. మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ ఫోటోలూ అందులో ఉన్నాయి. ఇంకొకరు చేసిన ఇలాంటి యంత్రం, డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పేందుకు 2018లో అమెరికాలో అనుమతి పొందింది.

అలాగని యంత్రాన్ని మరీ నెత్తికెత్తుకోకండి. థాయిలాండు ఆసుపత్రుల్లో వాడి చూస్తే, వెలుతురు కుదరకనో మరెందుకో ఐదింట ఒక ఫోటోను చదవలేనని తిప్పికొట్టిందని 2020లో రాశారు. చదవలేదంటే జబ్బు లేదని కాదు, డాక్టరుకు చూపించుకోమని అర్థం. పైగా అది నేర్పినదాన్నే వెతుకుతుంది. షుగరు మచ్చలు నేర్చినది నీటికాసులు లేవని హామీ ఇవ్వదు. లేజరైనా, ఇంజెక్షనైనా డాక్టరు చేతిలోనివే. యంత్రం లేనిచోట చుక్కలు వేసి కన్ను లోపల చూసే పాత పద్ధతి ఉండనే ఉంది. వరంగల్లు వాళ్ళకు ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నది, వెళ్ళి అడగండి.

పెద్దవయసులో షుగరు బయటపడితే వెంటనే ఒకసారి, ఆ పైన ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ముందునుంచీ షుగరున్న కూతురో కోడలో నెల తప్పితే మొదటి మూడు నెలల్లోనే చూపించండి. గర్భంతో ఈ జబ్బు ముదిరే వీలుంది. చుక్కలు వేసిన రోజు కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఎండ చూడలేరు. తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, ఆ పూట వంట ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించండి.