చిన్న రైడ్‌కి అంత పెద్ద క్యూ ఎందుకు?

అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955లో మొదలైంది. ఆనాటి నుంచీ ఉన్న ‘పీటర్ పాన్స్ ఫ్లైట్’ రైడ్ ముందు జనం ఇప్పటికీ బారులు తీరుతారు. ఎక్కితే మూడు నిమిషాలైనా ఉండదు. మరి ఎందుకంత రద్దీ?

ఎందుకు?
పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కాలంటే ముందు మీ ఎత్తు కొలుస్తారు. ఇక్కడ ఆ నిబంధన లేదు. చంకలో పాపాయి నుంచి తాతయ్య దాకా ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు. పైగా ఇందులో మనం కూర్చునే చిన్న ఓడ పైనున్న పట్టాకు వేలాడుతూ సాగుతుంది. చీకట్లో కింద లండన్ నగరం నమూనాలో దీపాలు మిణుకుమంటుంటే నిజంగా ఎగురుతున్నట్టే ఉంటుంది!

క్యూ ఎలా పెరుగుతుంది?
ఒక్కో ఓడలో ఇద్దరు ముగ్గురే పడతారు. 15 సెకన్లకో ఓడ, అందులో ముగ్గురు అనుకుందాం. నిమిషానికి 12 మంది, గంటకు 720 మంది. మీ ముందు 1,080 మంది ఉంటే గంటన్నర ఆగాలి! అదే పార్కులోని ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’ పడవల్లో వరుసల కొద్దీ కూర్చుంటారు. అందుకే అక్కడ అంతే జనం ఉన్నా క్యూ చకచకా కదులుతుంది.

ఈసారి ఏ పార్కుకి వెళ్లినా, నిమిషానికి ఎంతమంది ఎక్కుతున్నారో, మీ ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మీ వంతు ఎప్పుడొస్తుందో మీరే చెప్పగలరు.