కథలోని మాచయ్య, మన వీథిలోని చాకలి

క్రొత్తవారితో పరిచయము గలిగినప్పుడు కులగోత్రముల నడుగుట నేడు మర్యాద గాదు. కావున మనవారు వేఱొక త్రోవను గనిపెట్టిరి. “తా మే పుస్తకములు చదువుదురు? ఏ చలనచిత్రములు మెచ్చుదురు?” అని యడుగుదురు. వచ్చిన సమాధానమును బట్టి యెదుటివాని మనస్సును, విశ్వాసములును దెలిసికొన్నట్లు తృప్తి నొందుదురు. మేమును చిరకాల మట్లే యెంచియుంటిమి. అభిరుచియే వ్యక్తిత్వమని నమ్మియుంటిమి. ఇటీవల జనగామ ప్రాంతమున గొన్నిదినములు సంచరించి వచ్చిన పిమ్మట మా నమ్మకము సడలినది.

జనగామ జిల్లాలో పాలకుర్తికి సమీపమున బమ్మెర గ్రామము గలదు. పదునేనవ శతాబ్దమున భాగవతమును దెనిగించిన పోతన యిచ్చటివాడే యని యీ ప్రాంతమువారి దృఢవిశ్వాసము. నాగలి పట్టి బ్రదికినవాడనియు, రాజు గోరినను గృతి నీయక దైవమునకే సమర్పించినవాడనియు నైతిహ్యము. 1943వ సంవత్సరమున వాహినీవా రీ కథను దెరకెక్కించిరి. దర్శకులుగా కె. వి. రెడ్డిగారి కదియే తొలిచిత్రము. పోతన పాత్రధారి చిత్తూరు నాగయ్యగారు. మే మెఱిగిన యొక భూస్వామి, పోతన రాజానుగ్రహమును ద్రోసిపుచ్చు ఘట్టమును దలచుకొన్నప్పుడెల్ల నుత్తరీయముతో గన్నులు దుడుచుకొనెడివాడు. ఆయనయే నాలుగుదినముల కూలికై కూలివానిని నాలుగువారములు వాకిట ద్రిప్పెడివాడు. ఆ కన్నీరు కపటమని మేమనము, అది నిజమైనదే. చిక్కంతయు నందే యున్నది. కపటపు గన్నీ రితరులనే మోసగించును. నిజమైన కన్నీరు మనలనే మోసగించును. ఒక్కబొట్టు రాలినంతనే ఋణము దీఱినదను తృప్తి నిచ్చును.

పాలకుర్తి పేరు వినగానే పాల్కురికి సోమనాథుడు జ్ఞప్తికి వచ్చును. పదుమూడవ శతాబ్దమువాడైన యీ మహాకవి సంస్కృతమున నుద్దండుడయ్యును, బసవపురాణమునకు సామాన్యుల నాలుకపై నాడెడు ద్విపదను గైకొనెను. పనిపాటలవా రనేకులను గథానాయకులను జేసెను. వారిలో మడివాలు మాచయ్య యొకడు. వృత్తిచే చాకలి. శివభక్తుల వస్త్రముల నుదుకుటయే యాతని పూజ. బసవనికి దానగర్వము పొడసూపగా, నాతనికి బుద్ధి గఱపినవాడీ చాకలియే. ఉదికెడు చేతికిని, పూజించెడు చేతికిని భేదము లేదని చాటిన గ్రంథమది. శతాబ్దముల తరబడి మన యిండ్లలో దానిని భక్తితో జదివికొనిరి.

ఆ పాలకుర్తియందే, 1940వ దశకమున, చిట్యాల ఐలమ్మ యను చాకలిస్త్రీ కౌలుభూమిలో నాలుగెకరములు సాగుచేసికొని బ్రదుకుచుండెను. నాటి తెలంగాణములో సేవావృత్తులవారికి తమ రెక్కలు తమవి గావు. దొర గడీనుండి కబురు వచ్చినంతనే చేతిలోని పని విడిచి పోవలెను. కూలి యను మాట యెత్తరాదు. దానికి వెట్టి యని పేరు. ఐలమ్మ యా కట్టును దెంచుకొని సంఘమున జేరెను. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి కన్ను ఆమె పంటపై బడెను. సంఘ కార్యకర్తలు వెంటనిలువగా, నామె చేనిని గోయించి ధాన్యమును దన యింటికే చేర్చుకొనెను. ఆ ప్రాంతమందే కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమురయ్య తుపాకిగుండునకు బలియయ్యెను. ఐలమ్మ 1985 వఱకు జీవించెను. 2024లో హైదరాబాదు కోఠీయందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ప్రభుత్వ మామె పేరు పెట్టినది.

పాఠకమహాశయులారా, యొక్కింత యాలోచింపుడు. ఊరొక్కటే, కులమును నొక్కటే. గ్రంథములోని చాకలికి జేతులు జోడించిన దేశము, చేనిలోని చాకలిపై గఱ్ఱ యేల యెత్తెను? గ్రంథము దెలియక కాదు. మాచయ్యను పురాణపీఠముపై గూర్చుండబెట్టి, యచ్చటనుండి మన వాకిటిలోనికి దిగిరానీయకుండుటచేతనే. మెచ్చుకొనుట కొక గది, నడుచుకొనుట కొక గది కట్టికొంటిమి. రెంటికి నడుమ ద్వారము పెట్టుకొనలేదు.

అట్లయిన పుస్తకములు వ్యర్థములా? అట్లనిన నది పెద్దయపచారము. ఐలమ్మకు దోడుగా వచ్చిన సంఘము ఆంధ్రమహాసభ. దాని మొదటి సమావేశము 1930లో జోగిపేటలో జరిగినది. ఆ సభకు బాదు వేసినవి పుస్తకములే: 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904లో హనుమకొండయందు స్థాపితమైన రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము మున్నగు గ్రంథాలయములలో మొలకెత్తిన చైతన్యమే నాలుగు దశాబ్దములకు చేనిగట్టున నిలిచినది. పుస్తకము లోపము లేనిదే. అది చదువరి చేతినుండి కాలికి దిగవలెను.

అట్లు దిగిన నిదర్శనము మహబూబాబాదు జిల్లాలో నున్నది. చిన్నగూడూరు దాశరథి సోదరుల జన్మస్థలము. అన్న కృష్ణమాచార్యులుగారు నిజాము పాలన నెదిరించి, నిజామాబాదు కారాగారమున బంధింపబడి, కాగితములేమిచే బొగ్గుతో గోడపై బద్యములు వ్రాసిరి. ఆయన ‘అగ్నిధార’ 1949లో వెలువడెను. తమ్ములు రంగాచార్యులుగారు వెట్టి బ్రదుకులను ‘చిల్లర దేవుళ్లు’ నవలగా రచించిరి. 1977లో నది చలనచిత్రమయ్యెను. ఆ తమ్ములే నాలుగు వేదములను దెనుగు చేసిరి. వేదమును దెనిగించిన చేయియే వెట్టివాని గోడు వ్రాసెను. ఆయనకు రెండు గదులు లేవు. వ్యక్తిత్వమన నిది యని మాకు దోచినది. ఏది యిష్టమనుట గాదు. ఆ యిష్టమునకై యేమి చెల్లించితిమనుట.

కవి చేతి కొయ్యబొగ్గు నుండి మా యాలోచన భూపాలపల్లి రాక్షసిబొగ్గునకు బోయినది. అచ్చట సింగరేణివారి గనులు గలవు. సమీపమున చెల్పూరులో, 1,100 మెగావాట్ల శక్తిగల కాకతీయ విద్యుత్కేంద్రము బొగ్గుతోనే నడచుచున్నది. మనము రాత్రివేళ దీపము వెలిగించి బసవపురాణము దెఱచినను, మీట నొక్కి పోతన చిత్రమును జూచినను, ఆ వెలుగున నెవ్వరో యొకరి చెమట కలదు. నేలక్రింద నల్లబడిన చేయి లేక మన రసాస్వాదనము లేదు. పూర్వము పొలమును, బట్టలును మోసిన చేతులవలెనే యిప్పు డివియు మన కంటికి గానరావు. మాచయ్య పేరైన గ్రంథమున నున్నది. వీరి పేరు మన దీపముపై వ్రాసియుండదు.

ఇతరుల దోషము లెన్నుట సులభము గనుక, మా దోషమునుగూడ జెప్పుదుము. బసవపురాణముపై సభలో మేమొకసారి యుపన్యసించితిమి. “మాచయ్యగారు” అనియే గౌరవముతో బలికితిమి, సభ్యులు మెచ్చిరి. మా వీథి మొగమున నిస్త్రీబండి పెట్టుకొన్న వృద్ధు డొకడు గలడు. మాకంటె నిరువదియేండ్లు పెద్ద. మేము పదునొకండేండ్లుగా నాతనిని “ఏమోయ్” అని పిలుచుచున్నాము; పే రేనాడు నడుగలేదు. ఉపన్యాసమునకు గట్టుకొని పోయిన పంచె యాతడు మడతపెట్టినదే.

జనగామ నుండి వచ్చిన మఱునాడు బట్టలమూట గొని మేమే బండి కడకు బోయితిమి. “తమ పేరేమండీ?” అని యడిగితిమి. పిలుపు మాఱినందుకు గాబోలు, ఆయన యిస్త్రీపెట్టెను ప్రక్కనుంచి, చేతులు గట్టుకొని నిలుచుండెను. తప్పు చేసితినా యని భయపడినట్లుండెను. ఆ భయము మేము పెట్టినదే. పేరు చెప్పించుకొనుటకు మాకు చాలసేపు పట్టినది. ఆయనను మరల బీటపై గూర్చుండబెట్టుటకు మఱికొంతసేపు పట్టినది.

మీ కే పుస్తక మిష్టమని యెవరైన నడిగిన, ఇకమీదట మే మొక్కరమే సమాధానము చెప్పబోము. ఆ ప్రశ్నను మా వీథి మొగముననున్న ఆ పెద్దాయనను గూడ నడుగుడని చెప్పుదుము.