ఆగిన మిషనా, అరిగిన మిషనా?

పాత సామాన్ల కొట్లో నల్లటి సింగర్ కుట్టుమిషన్ కనిపిస్తే కుట్టుపని తెలిసినవాళ్ల చెయ్యి ఊరుకోదు. చక్రం పట్టుకుని తిప్పి చూస్తారు. అది కదలకపోతే "ఇనుప సామానుకి వెయ్యాల్సిందే" అని ఒకరంటారు, "నాలుగు చుక్కలు నూనె వేస్తే అదే తిరుగుతుంది" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమయ్యే వీలుంది. పాడైన మిషన్లలో ఆగినవి వేరు, అరిగినవి వేరు, విరిగినవి వేరు. కొనాలా వద్దా అనేది మన చేతిలో ఉన్నది వీటిలో ఏదన్న దాన్ని బట్టే ఉంటుంది. అది తేల్చాలంటే మిషన్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

చేతిసూదికి బెజ్జం వెనక ఉంటుంది. కుట్టు పడాలంటే సూది మొత్తం గుడ్డలోంచి అవతలికి దూరి మళ్లీ ఇవతలికి రావాలి. యంత్రంతో ఈ పని చేయించడం కష్టం. బెజ్జాన్ని మొన దగ్గరికి తెచ్చి, కింద రెండో దారం పెట్టడంతో దారి దొరికింది. అమెరికాలో వాల్టర్ హంట్ 1830లలోనే అలాంటి మిషన్ చేశాడు కానీ అప్పట్లో పేటెంట్ తీసుకోలేదు. అదే పద్ధతికి 1846లో ఇలయస్ హోవే పేటెంట్ పొందాడు. 1851లో ఐజాక్ మెరిట్ సింగర్ సూదిని నిలువుగా నిలబెట్టి, గుడ్డను బల్ల మీద పరిచి కుట్టేలా తన మిషన్‌ను తీర్చాడు. తన పేటెంట్‌ను వాడుకున్నారని హోవే కోర్టుకెక్కి గెలిచాడు. చివరికి 1856లో పెద్ద కంపెనీలు తమ పేటెంట్లన్నీ ఒకచోట చేర్చి పంచుకున్నాయి. గుడ్డను ముందుకు జరిపే పళ్ల అమరిక అలెన్ విల్సన్‌ది. అతను 1854లో పేటెంట్ పొందాడు. పైకి లేవడం, గుడ్డను జరపడం, కిందికి దిగడం, మొదటి చోటికి రావడం అనే ఆ నాలుగు కదలికలే ఈనాటి మిషన్లలోనూ ఉన్నాయి.

అసలు కుట్టు ఎలా పడుతుందో చూడాలంటే పాదం కిందనున్న పలక జరిపి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది. ఆ పక్క దారం గాడిలో దాక్కుంటుంది. సూది పూర్తిగా కిందికి దిగి, సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేవగానే గాడి లేని పక్క దారాన్ని గుడ్డ పట్టి ఉంచుతుంది. దాంతో బెజ్జానికి కాస్త పైన దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి హుక్కు మొన వచ్చి ఉచ్చులో దూరి, దాన్ని కిందిదారం ఉండే బాబిన్ కేసు చుట్టూ తిప్పి వదిలేస్తుంది. పైదారం కిందిదారాన్ని చుట్టేస్తుంది. పైనున్న లివర్ లాగగానే ముడి గుడ్డ మధ్యలోకి చేరుతుంది. హుక్కు కాస్త ముందొచ్చినా వెనకొచ్చినా కుట్టు తప్పుతుంది. సూదిని తిరగేసి బిగించినా అంతే. అందుకే "కుట్టు పడటం లేదు" అని అమ్మేసే మిషన్‌కు ముందుగా కొత్త సూది సరైన వైపుకి పెట్టి చూడాలి.

ఇక ఆగిన మిషన్ సంగతి. కొబ్బరినూనో వంటనూనో పోసి, ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే అది జిగురై గట్టిపడుతుంది. చక్రాన్ని బలవంతంగా తిప్పకూడదు. నూనె బెజ్జాల్లో కిరోసిన్ చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు అటూ ఇటూ మెల్లగా ఊపాలి. కదలిక వచ్చాక ఆ మురికిని తుడిచి మిషన్ ఆయిల్ వెయ్యాలి. హుక్కు చుట్టూ తెగిన దారం ఇరుక్కున్నా మిషన్ ఆగుతుంది. చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే, బాబిన్ చుట్టుకోవడానికి వదులు చేసే నడిమి బిరడా బిగించి చూడాలి. ఇవేవీ పెద్ద రోగాలు కావు.

అరిగిన మిషన్ విషయంలో మోడల్ ముఖ్యం. సింగర్ 15 తరగతి మిషన్‌ను 19వ శతాబ్దం చివర్లో తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కంపెనీలు అదే నమూనాతో, ఒకరి భాగాలు ఇంకొకరికి సరిపోయేలా లక్షల్లో మిషన్లు చేశాయి. మన ఇళ్లల్లో కనిపించే నల్ల మిషన్లలో చాలావాటి పోలిక కూడా ఇదే. ఇంటి మిషన్లకు ఇవాళ అమ్మే 15×1 సూదికి ఆ పేరు ఈ తరగతి నుంచే వచ్చింది. ఈ తరగతిలోని 15కె మిషన్లు తయారైన స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అయినా బాబిన్, బాబిన్ కేసు, హుక్కు, టెన్షన్ స్ప్రింగు, పళ్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. కాబట్టి ఇవి అరిగాయని భయపడక్కర్లేదు. కిందిదారాన్ని మోసే పడవలాంటి పొడుగాటి షటిల్ ఉండే పాత మోడల్ అయితే మాత్రం, ఆ షటిల్ లోపల ఉందో లేదో చూశాకే బేరం మొదలుపెట్టండి. సూదికడ్డీని పట్టుకుని పక్కలకు ఊపితే బాగా ఆడుతుంటే లోపలి బుష్షులు అరిగినట్టే. ఆ ఖర్చు మెకానిక్‌ని అడిగి తెలుసుకోవాలి.

విరిగినదాన్ని కొనకండి. మిషన్ ఒళ్లు పోత ఇనుము. కింద పడితే వంగదు, పగులుతుంది. మెడ దగ్గర, అడుగు పలక అంచుల్లో వేలితో తడిమి పగుళ్లు వెతకండి. వెల్డింగ్ పెట్టించినా సూదికీ హుక్కుకీ మధ్య పొందిక మళ్లీ కుదరడం కష్టం. మోటారు మిషన్ అయితే పాత వైర్లు మార్పించకుండా ప్లగ్గు పెట్టొద్దు.

గాంధీజీ యంత్రాల మోజును విమర్శిస్తూనే 1924లో సింగర్ కుట్టుమిషన్‌కు మినహాయింపునిచ్చారు. మనిషి శ్రమను ప్రేమతో తగ్గించే యంత్రంగా ఆయన దాన్ని చూశారు. ఆ మాట నాకెప్పుడూ నిజమే అనిపిస్తుంది. ఇంట్లో ఒక మూల మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు మన ఊళ్లల్లో ఎంతమందో. అలాంటి మిషన్ ఇనుప ముక్కల కింద పోవడం నాకు బాధగా ఉంటుంది. అయితే ఆ మిషన్‌కో హద్దుంది. ఇది తిన్నని కుట్టు మాత్రమే వేస్తుంది. పీకో, జిగ్‌జాగ్, సాగే గుడ్డలు మీకు ముఖ్యమైతే వేరే మిషన్ చూసుకోండి. జాకెట్లు, లంగాలు, కర్టెన్లు, దిండు గలేబులకైతే ఇది చాలు.

కొనడానికి వెళ్లేటప్పుడు కొత్త సూది, దారం, రెండు నూలుగుడ్డ ముక్కలు పట్టుకెళ్లండి. చక్రం తిరిగితే ఆ ముక్కలు కుట్టి, రెండు వైపులా కుట్టు ఒకేలా పడిందేమో చూడండి. తిరగకపోతే పగుళ్లు వెతకండి, సూదికడ్డీని ఊపి చూడండి, ఏ భాగాలు లేవో రాసుకోండి. బంగారు రంగు పూలు చెరిగిపోయాయని వెనకాడకండి, నిగనిగలాడుతోందని ఎక్కువ ఇవ్వకండి. మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడండి. ఒళ్లు గట్టిగా ఉండి భాగాలు దొరికే మిషన్ అయితే ధైర్యంగా తెచ్చుకోండి.