పెనుకొండ యెక్కుట

హిందూపురమునకును ధర్మవరమునకును నడుమనున్న పెనుకొండను రైలుకిటికీనుండి చూచినవారు మనలో ననేకులు. కాలినడకను ఎక్కినవారు కొందఱే. హిమాలయమునందలి గురుంగుల పల్లెలగుండ నడచు బాటసారికి సంధ్యవేళ ఏదో యొక యింటి పొయ్యి కానవచ్చును. మన కొండబాట యట్టిది కాదు. త్రాగునీటిని మనమే మోసికొని పోవలెను. ఇచ్చటి గండశిలలు పగటి యెండకు కాగి, ప్రొద్దుగ్రుంకినను సెగలు గ్రక్కును. కావున సూర్యోదయమునకు ముందే బయలుదేఱుట మేలు. జట్టులో మిక్కిలి మెల్లగా నడచువాని నడకయే అందఱి నడక కావలెను.

సగము దారిలో ఆయాసముతో నిలిచినపుడు చరిత్ర బోధపడును. 1565వ సంవత్సరమున తళ్లికోట యుద్ధమున రామరాయలు హతుడు కాగా, ఆతని తమ్ముడు తిరుమలరాయలు హంపీని విడిచి పెనుకొండను రాజధానిగా జేసికొనెను. ఏల యని పుస్తకము నడుగ నక్కఱలేదు. మన మోకాళ్లే చెప్పును. వట్టిచేతుల నెక్కు మనకే యింత కష్టమైనచో, ఆయుధములు మోయు శత్రువున కెంత! అయినను నీరులేని దుర్గము నిలువదు. కావుననే దుర్గములు కట్టినవారు గోడలతోపాటు కొలనులను గూడ త్రవ్వించిరి.

పైనున్న నరసింహస్వామి యాలయమును, శిథిలమైన గోడలను చూచునపుడు వానిపై మన పేళ్లు గీయకుందము. పూర్వులు తమ దానధర్మములను దెలుపుటకు శాసనములు చెక్కించిరి; మనమేమి చేసితిమని చెక్కుదుము?