ఊరుగాని ఊరిలో ఒక రాత్రి

పెద్దేముల్ నుండి భాగ్యనగరమునకు పోవువారు తాండూరు చేరి రైలెక్కుట పరిపాటి. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు పడిన ఆ ఇనుపదారి పల్లెలకు పట్టణమును దగ్గర చేసినది. అయినను విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరు ఉపాధ్యాయునకు మొదట ఎదురగు ప్రశ్న రాత్రి బస యెక్కడ అనునది. చూడవలసిన కట్టడముల పట్టిక ఆ తరువాతి మాట.

ప్రశ్న పాతదే. 1591లో చార్మినారు వెలసిన నగరమునకు వజ్రముల వర్తకులు దూరదేశముల నుండి వచ్చుచుండిరి. కార్వాను పేటకు ఆ పేరు బిడారుల వలన కలిగినదే. మూసీ వంతెనకు ముందున్న పేటలో అందమైన మసీదులు రెండు మూడు పరదేశులకు సత్రములుగా నుండెనని ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథమున వ్రాసినాడు. షేక్‌పేటలోని రెండంతస్తుల సరాయి నేటికిని నిలిచియున్నది. అందు బాటసారులకు గదులు, వారి గుఱ్ఱములకు, ఒంటెలకు శాలలు. నేడు బడి బస్సును నిలుపుటకు చోటు వెదకి వేసారిన ఉపాధ్యాయునకు ఆ యేర్పాటు విలువ చక్కగా తెలియును.

1830లో మదరాసు నుండి కాశికి కదలిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగనే పోయినాడు. మజిలీ మజిలీకి నీరెట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు వసతి యేది అని వ్రాసికొనుచు నడచినాడు. కాశీయాత్రచరిత్రను పాఠము చెప్పువారు క్షేత్రముల కడ నిలిచి ఈ వివరములను దాటవేయుదురు. గ్రంథమునకు ప్రాణము అక్కడనే యున్నది.

రైలు వచ్చిన పిదప బస స్టేషను ముంగిటికి వచ్చినది. నాంపల్లి స్టేషను 1907లో ఏర్పడగా, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1919లో దాని చెంతనే సరాయి లేచినది. రైలు దిగిన సామాన్యుడు నాలుగడుగులలో అక్కడ మూట దింపుకొనగలిగెను. అట్టి కట్టడము ఆలనాపాలనా లేక ఏండ్ల తరబడి పాడుపడినది. ఫలక్‌నుమా సౌధము మాత్రము 2010లో విలాసపు హోటలైనది. ధనవంతునకు నవాబుల మేడయే విడిది!

ఇండ్లను దినపు అద్దెకిచ్చు పద్ధతియు ఇప్పుడు నగరమున ప్రబలినది. నలుగురున్న కుటుంబమునకు అది మేలే. వండుకొని తినవచ్చును, వీధివారితో నాలుగు మాటలు కలుపవచ్చును. నలువది మంది పిల్లల కది చాలదు. కనుక పల్లెబడి యాత్ర తఱచుగా ఒక్క పగటితో ముగియును. అంగళ్లు తెఱవక మునుపు లాడ్‌బజారు ఎంత ప్రశాంతముగా నుండునో ఆ పిల్లలెఱుగరు. మక్కామసీదు ముంగిట పావురములు వాలు వేళకు వారింకను తాండూరు స్టేషనులో టిక్కెట్ల వరుసలో నిలిచియుందురు.