ఫుల్ సిగ్నల్ ఉన్నా వీడియో ఎందుకు ఆగుతుంది?

ఈరోజు టాపిక్ నా ఉద్యోగానికే ఎసరు పెట్టబోయింది.

2020లో బీటెక్ అయ్యాక నాది మొదటి జాబ్. ఊళ్లో వర్క్ ఫ్రమ్ హోమ్. ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉండేవి. కానీ రాత్రి ఏడు దాటితే చాలు, క్లయింట్ కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలయ్యేది. "ఇలాగైతే నిన్ను ప్రాజెక్ట్ నుంచి తీసేయాల్సి వస్తుంది" అన్నారు మేనేజర్.

ఓరోజు టవర్ దగ్గరికి వచ్చిన టెక్నీషియన్‌ని అడిగా. పైనున్న గుండ్రటి తెల్ల డ్రమ్ములాంటి డిష్ చూపించి, "ఈ టవర్‌కి ఫైబర్ రాలేదు తమ్ముడూ, డేటా అంతా దీంట్లోంచే పక్క టవర్‌కి పోతుంది" అన్నాడు. అప్పుడు అర్థమైంది. సిగ్నల్ గీతలు చెప్పేది ఫోన్ నుంచి టవర్ దాకా సంగతే. ఆ తర్వాతి దారి ఇరుకైతే, ఊరంతా ఒకేసారి వీడియోలు పెట్టినప్పుడు ట్రాఫిక్ జామే.

మరి ఫైబర్ గొప్పేంటి? అదో సన్నని గాజు పోగు. అందులో డేటా వెలుగు రూపంలో సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఒకే పోగులో వేర్వేరు రంగుల కాంతిని కలిపి పంపొచ్చు. డిమాండ్ పెరిగితే చాలాసార్లు రెండు చివర్ల ఉన్న పరికరాలు మారిస్తే సరిపోతుంది, కేబుల్ అదే!

వైర్‌లెస్‌కి ఆ సౌకర్యం లేదు. స్పెక్ట్రమ్ పరిమితం, దాన్ని అందరూ పంచుకోవాలి. అందుకే 5జీకి దగ్గరదగ్గరగా ఎక్కువ టవర్లు కావాలి. వాటన్నింటికీ వెనక గట్టి లైన్ కావాలి. అంటే వైర్‌లెస్ పెరిగేకొద్దీ ఫైబర్ అవసరం తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

మరి ఊళ్లకి ఎలా తెస్తారు? ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్‌కి మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాలనే వాడుకున్నారు. తవ్వే ఖర్చు తగ్గుతుంది కదా! కాకపోతే స్తంభం మీది కేబుల్‌కి తుపానుతో, భూమిలో దానికి జేసీబీతో ప్రమాదం. అలా తెగినప్పుడు ఆదుకునేది మళ్లీ వైర్‌లెస్సే. రెండూ ఉండాలి.

నేనైతే చివరికి మండల కేంద్రంలో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఫ్రెండ్ వాళ్ల షాపులో కూర్చుని ప్రాజెక్ట్ పూర్తి చేశా. జాబ్ నిలబడింది.

కాబట్టి మీ ఇంట్లో ఫైబర్ ఉంటే పెద్ద డౌన్‌లోడ్‌లు వైఫైలోనే పెట్టుకోండి, టవర్ మీద బరువు తగ్గుతుంది. మీ ఊరికి కొత్త టవర్ వస్తోందంటే మాత్రం ముందు ఒక్క ప్రశ్న అడగండి: "దీనికి ఫైబర్ వస్తోందా?"