బీడునేలకు వచ్చు చలికాలపు చుట్టము

చలికాలమున మన రాయచూరు జిల్లాలోని బీళ్ళయందును, కోత ముగిసిన చేలయందును మంటిరంగు చిన్నపిట్టలు గుంపులుగా మేయుచుండును. అవి యేమని పిల్లలడిగినచో "పిచ్చుకలు" అని చెప్పి ఊరకుందుము. కాని వానిలో కొన్ని టిబెట్టు పీఠభూమిలో పుట్టి పెరిగి, మంచుకాలము గడుపుటకై దక్కనునకు వచ్చు భరతపక్షులు. ఆంగ్లమున వీనిని సైక్స్ షార్ట్‌టోడ్ లార్క్ అందురు.

1832లో కర్నల్ సైక్స్ దక్కను పక్షులను వర్ణించుచు దీనికి దుఖునెన్సిస్ అని పేరిడెను. "దక్కనునకు చెందినది" అని దాని యర్థము. మన నేల పేరు మోయుచున్న పక్షిని మన పిల్లలు గుర్తింపలేకుండుట తగునా?

గుర్తించు విధము కష్టము కాదు. మొదట నడక చూడవలెను. పిచ్చుక గెంతును, ఇది నడచును, పరుగెత్తును. పిదప ముక్కు. పిపిట్ అను పిట్ట ముక్కు సన్నము, అది తోకను తరచుగా ఆడించును; దీని ముక్కు పొట్టిది, మందమైనది. తలపై నిక్కిన జుట్టు కనబడినచో అది జుట్టు భరతపక్షి. క్రిందిభాగము నల్లగా నున్నచో అది ఇచ్చటనే ఏడాది పొడవున నుండు మరియొక చిన్న భరతపక్షి యొక్క మగది. మన అతిథికి రొమ్ము నడుమ చారలుండవు. మెడ దాపున ఇరుప్రక్కల చిన్న నల్లమచ్చ యుండును. ఒక్క గుర్తును బట్టి నిర్ణయింపరాదు. అన్నియు కలిసి రావలెను.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిదప ఎడమకాలువ క్రింద వరిసాగు విస్తరించినది. ఎన్నో తెలుగు కుటుంబములు వచ్చి క్యాంపులలో స్థిరపడినవి. ఆ నీరు మనకు అన్నము పెట్టినది. అయితే నీరు నిలిచిన మడిలో ఈ పిట్ట మేయదు. దానికి పొడినేల, గడ్డిగింజలు, చిన్న పురుగులు కావలెను. మనము పనికిరానిదనుకొను బీడే దానికి చలికాలపు ఇల్లు.

కావున తల్లిదండ్రులకు మా మనవి. ఈ చలికాలమున ఒక ఆదివారము ఉదయము పిల్లలను ఊరి బీటికి తీసికొనిపొండు. దూరముగా నిలిచి చూడనిండు. చూచిన తేదీ, స్థలము, గుంపులోని పిట్టల సంఖ్య, పైని చెప్పిన గుర్తులు నోటుపుస్తకమున తెలుగులోను, కన్నడములోను వ్రాయింపుడు. ఏటేట ఆ లెక్కలను పోల్చినచో, ఆ బీటికి చుట్టములు వచ్చుచున్నవో, మానుచున్నవో పిల్లలే మనకు చెప్పగలరు.